ఎండాకాలంలో పెరటాసి కొండ

మా నాయన కాళ్ళ సంగతి చెప్పాలంటే ముందు ఆ కొండ సంగతి చెప్పాలి. కొండ అనగానే తిరుమల దారిలా చెట్లూ నీడలూ ఊహించుకునేరు. అట్లాంటిదేమీ కాదు. మదనపల్లె రోడ్డు మీద పోతుంటే పక్కకు కనిపించే బోడి బండల గుట్ట. ఎవరో బండ మీద బండ పేర్చుకుంటూ పోయి, మధ్యలో విసుగొచ్చి వదిలేసినట్టుంటుంది. గడ్డిపరక మొలవడానికి సందు దొరకదు. అది మా నాయన వాళ్ళ ఇంటి దేవుడి కొండ. కొండ మొదట్లోనే ఏనుగంత గుండురాయి ఒకటుంది, దాని మీద మూడు నామాలు దిద్ది ఉంటాయి. ఆ నామాల గుండు దాటితే చెప్పులతో అడుగు పెట్టకూడదు. గుడి పైనెక్కడో ఉంది కదా, అక్కడ విప్పితే చాలదా అని చిన్నప్పుడు అడిగాను. గుడిలో ఉండేదీ రాయే, కింద ఉండేదీ అదే రాయి, దేవుడు యాడ మొదలైనాడని సెప్తావు పాపా అన్నాడు నాయన.

మావాళ్ళు ఆ కొండ ఎక్కేది పెరటాసి శనివారాల్లో. అరవదేశం పక్కనే ఉండబట్టి మా చిత్తూరు వైపు పెరటాసి నెలంటే పెరుమాళ్ళ నెల. అప్పుడు వానలు పడుతుంటాయి. బండలు తడిసి, నాచు పట్టి, అరికాళ్ళకు చల్లగా తగులుతుంటే ఎక్కేది కూడా తెలియదు. ఎండాకాలంలో ఆ కొండ ఎక్కినవాళ్ళు మా వంశంలో లేరు. ఎక్కకూడదని ఎవరూ చెప్పనూ లేదు. అట్లాంటి తిక్క ఆలోచన ఎవరికీ రాలేదు కాబట్టి చెప్పాల్సిన అవసరం పడలేదు. ఆ ఆలోచన మా ఆయనకు వచ్చింది.

మా ఆయనది గూడూరు. చదును నేల మీద, నిమ్మతోటల్లో పెరిగిన మనిషి కాబట్టి కొండ కనిపిస్తే కాలు నిలవదు. మేముండేది తిరుపతిలో. మా అమ్మాయి ఇంటర్ పరీక్షలు అయిపోయి, పొద్దస్తమానం ఫోనులో ఎడారి రాళ్ళ వీడియోలు చూస్తూ కూర్చునేది. ఎర్రటి రాళ్ళు, గాలికి అరిగిపోయి పుట్టగొడుగుల్లా, తోరణాల్లా నిలబడ్డ రాళ్ళు. అక్కడికి తీసుకుపోండి నాన్నా అని ఒకటే పోరు. “ఎడారికి పోయేదెందుకు? మీ తాత కొండ మీద అంతకంటే మంచివి ఉండాయి. బెంగుళూరు పిల్లకాయలు శని ఆదివారాల్లో వచ్చి ఎక్కి పోతుండారు, బాణం గుర్తులు కూడా వేసి పెట్టుండారు” అన్నాడు మా ఆయన. అన్నవాడు ఊరుకోక మా నాయనకు ఫోను చేశాడు.

“దేవుని కొండకి పోతా నన్ను ఇడిసిపెట్టి పోతారా?” అని నాయన తయారైపోయాడు. ఆయనతో పాటు అమ్మ. డెబ్భై దాటిన మనిషివి, ఎండలు మండుతున్నాయి, నీకు షుగరు ఉంది, వద్దు నాయనా అని నేను మొత్తుకున్నాను. “ఎండ రాక ముందే దిగేస్తాం కదా” అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆ కుందేలును ఆయన చేతిలోంచి విడిపించిన మొనగాడు మా ఇంట్లో లేడు.

ఇంకా చీకటి ఉండగానే కారు నామాల గుండు దగ్గర ఆపాం. మా ఆయన ఈ ప్రయాణం కోసమే కొత్త బూట్లు కొన్నాడు. రాళ్ళ మీద జారవట, పాదానికి దెబ్బ తగలదట. వాటిని విప్పి కారులో పెట్టాల్సి వచ్చినప్పుడు ఆయన ముఖం చూడాలి.

“మామా, కొండెక్కడానికే కదా బూట్లు కొనింది!”

“కొండ నీది కాదు కదా అబ్బోడా” అన్నాడు నాయన నవ్వుతూ.

ఐదుగురి చెప్పులూ కారులో పెట్టి తాళం వేశాం. బండ చల్లగా ఉంది. గాలి కూడా బాగుంది. నిజం చెప్పొద్దూ, ఎక్కుతుంటే నాకూ సంతోషమే అనిపించింది. తూర్పు తెల్లబడేసరికి ఆ రాళ్ళకు ఒక్కొక్కదానికి ఒక్కో ఆకారం వచ్చింది. తాబేలు గుండు, పడగ గుండు, ఊదితే పడిపోయేట్టు మొన మీద నిలబడ్డ ఇంకో గుండు. మా అమ్మాయి ప్రతి రాయి ముందూ నిలబడి ఫొటో తీసుకుంది. నాయన చేతికర్ర పట్టుకుని ముందు నడుస్తున్నాడు. ఆయన వెనక నేను.

సగం దూరం ఎక్కాక బండ మీద ఎర్రటి చుక్కలు కనిపించాయి. ఎవరో కుంకుమ చల్లుకుంటూ పోయారనుకున్నాను. ఇంకొంచెం ముందుకు పోతే మళ్ళీ చుక్క. తడిగా ఉంది. తలెత్తి చూద్దును కదా, నాయన కుడి కాలి చిటికెన వేలు గోరు లేచిపోయి నెత్తురు కారుతోంది. ఆయన పాటికి ఆయన నడుస్తున్నాడు.

“నాయనా, ఆగు. కాలికేమైంది?”

“ఏమైంది?” అని నన్నే అడిగాడు. వంగి చూసుకున్నాడు. అది తన కాలే కానట్టు, ఎవరిదో కాలు చూసినట్టు చూశాడు. “యాడో రాయి తగిలింటాది లే.”

“నొప్పి తెలియలేదా?”

“ఇంత దానికి నొప్పేంది పాపా? మట్టిలో పుట్టి మట్టిలో పెరిగినోల్లం.”

ఇదే మాట మా పెదనాయన నోట విన్నాను. ఆయనకూ షుగరే. అరికాల్లో ముల్లు విరిగి లోపలే ఉండిపోతే ఆయనకు తెలియలేదు. తెలిసేసరికి పాదం నల్లబడింది. రాయవేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోతే మోకాలి కింద కాలు తీసేశారు. మనిషి మంచానికి అతుక్కుని, ఆ ఏడు తిరక్కుండానే పోయాడు. చివరి రోజుల్లో నాయన ఆయన పక్కనే కూర్చుని ఉండేవాడు. ఇంటికొచ్చాక అమ్మతో అన్నాడు, నాకిట్లా జరిగితే నన్ను రాయవేలూరికి మాత్రం తీసకపోవద్దండి, బాయి కాడికి నడవలేని బతుకు నాకొద్దు అని.

అక్కడే వెనక్కి తిరుగుదామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. “దేవుని కాడిదాకా వచ్చి కర్పూరం ఎలిగించకుండా పోతారా? ఇంక రోంత దూరమే కదమ్మే.” జేబురుమాలుతో వేలు చుట్టి కట్టాను. కట్టు బిగిస్తున్నప్పుడు ఆయన ముఖమే చూస్తున్నాను. కనుబొమ్మ కూడా కదల్లేదు.

పైన గుడంటే నాలుగు రాతి కంబాలు, పైన ఒక బండ కప్పు, లోపల పసుపు పూసిన రాయి. అమ్మ కర్పూరం వెలిగించింది, తెచ్చిన పొంగలి నైవేద్యం పెట్టి తలా ఇంత పంచింది. అప్పటికి ఎండ ఇంకా లేతగానే ఉంది. ఆ నిమిషాన దిగిపోయి ఉంటే ఈ రాత ఉండేదే కాదు. మా ఆయన, అమ్మాయి అవతలి పక్క తోరణం లాంటి రాయి ఏదో ఉందని లేచారు. “ఇట్టా పోయి అట్టా వచ్చేస్తాం” అన్నాడు. నేను వద్దనేలోపే రెండు గుండ్ల మధ్య దూరి మాయమయ్యారు.

ఇట్టా పోయినవాళ్ళు అట్టా రాలేదు. ఎండ గుడి గడప ఎక్కింది. పేర్లు పెట్టి అరిస్తే నా గొంతు నాకే తిరిగి వినిపిస్తోంది. ఫోను చేస్తే సిగ్నలు లేదు. నాయన కంబానికి ఆనుకుని కునుకు తీస్తున్నాడు. అమ్మ గోవిందా గోవిందా అనుకుంటూ కూర్చుంది. గడప బయట కాలు పెట్టి చూశాను, చురుక్కుమంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ తండ్రీకూతుళ్ళు చివరికి గెంతుకుంటూ వచ్చారు. ఆ బాణం గుర్తులు పట్టుకుని కొండ అవతలి వైపుకు దిగిపోయారట. మళ్ళీ ఎక్కి, దారి తప్పి, వెతుక్కుని రావాల్సి వచ్చిందట.

“బాగుందా తోరణం? కడుపు నిండిందా?” అన్నాను. ఇంకా చాలా అన్నాను. గూడూరులో కొండలు లేకపోవడం నుంచి మొదలుపెట్టి బూట్ల దాకా ఏదీ వదల్లేదు. అమ్మాయి ముఖం ఎండకు కందిపోయి ఉంది. సరే, ఇక తిట్టి లాభం లేదని దిగడం మొదలుపెట్టాం.

మొదట గుండ్ల మధ్య సందుల్లోంచి నీడ పట్టుకుని వచ్చాం. ఆ తర్వాతే అసలు సంగతి. కొండ నడుముకు ఒక పరుపు బండ ఉంది. ఒకే రాయి, ఏటవాలుగా, చెరువు కట్టంత పొడవు. చెట్టు లేదు, పుట్ట లేదు. మధ్యలో ఒకే ఒక్క గుండు నిలబడి ఉంటుంది. వేరే దారి లేదు. పొద్దున ఎక్కేటప్పుడు అరికాళ్ళకు అంత హాయిగా తగిలిన బండ ఇప్పుడు కాలిన పెనం. అడుగు పెడితే చాలు, అబ్బా అంటూ ఎగరడమే. మా అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు. మా ఆయన ఒంటికాలి మీద గెంతుతున్నాడు. అమ్మ పెదవి కొరుక్కుని, చీర కుచ్చెళ్ళు కాళ్ళ కిందికి తోసుకుంటూ నడుస్తోంది.

నాయన మాత్రం బండ మధ్యలో కర్ర ఆనించుకుంటూ తీరుబడిగా పోతున్నాడు. తోటలో చెట్లు చూసుకుంటూ నడిచినట్టు నడుస్తున్నాడు.

“ఏం పట్నం కాళ్ళు మీవి!” అని వెనక్కి తిరిగి నవ్వాడు. “ముసిలోన్ని నేనే మేలు.”

అమ్మ ఆ మంటలోనే ఆయన వైపు చూసి చేతులు జోడించింది. “సూడండి, మీ నాయన భక్తి. దేవుడే నడిపిస్తాండాడు.”

ఇది భక్తి కాదు. ఈ మనిషికి తెలియడం లేదు. బండ కాలుతున్నదీ తెలియదు, చర్మం ఊడుతున్నదీ తెలియదు. ఒక్కసారిగా మా ఊరి కుక్కలు గుర్తొచ్చాయి. ఆరేడు నెలలుగా నాయన ఒంటి చెప్పుతో ఇంటికి రావడం, మా పల్లెలో కుక్కలకు నా చెప్పులే రుచిగా ఉండాయని వాటిని బూతులు తిట్టడం, మేమంతా నవ్వడం. కుక్కలు కాదు. ఆయన కాలి నుంచి చెప్పు జారిపోతుంటే ఆయనకు తెలియలేదు.

కాళ్ళు కాలుతున్నా పరుగెత్తి ఆయన జబ్బ పట్టుకుని ఆ ఒంటి గుండు నీడలోకి లాక్కొచ్చాను. కూర్చోబెట్టి పాదం పైకెత్తి చూశాను. కట్టిన జేబురుమాలు ఎప్పుడో ఊడిపోయింది. మడమ దగ్గర, బొటనవేలి కింద పూరీ పొంగినట్టు బొబ్బలు లేచాయి. చిటికెన వేలు మట్టి కొట్టుకుని ఉంది. రెండో పాదమూ అంతే. అందరూ చుట్టూ చేరారు.

“నాయనా, నీకు కాళ్ళల్లో స్పర్శ లేదు.”

“ఎవురు సెప్పినారు?”

“ఈ బొబ్బలు చెప్తున్నాయి.”

“కాల్తాండాది పాపా. నాకు మాత్రం కాలదా? ఓర్సుకుంటాండా. మీరు ఓర్సుకోలేరు, నేను ఓర్సుకుంటాండా. అంతే తేడా.”

“పెదనాయన కూడా ఇట్లాగే ఓర్చుకున్నాడు” అన్నాను. ఆ మాట అనగానే ఆయన ముఖం తిప్పుకున్నాడు.

మా ఆయన తన తువ్వాలు రెండుగా చించాడు. పాదాలకు చుట్టి, ముడులు వేసి లేపాం. నాలుగడుగులు కూడా పోలేదు. ఏటవాలు బండ మీద గుడ్డ సర్రున జారింది. కాలు జారినట్టు కూడా ఆయనకు తెలియదు కదా, మోకాళ్ళ మీద పడ్డాడు. కర్ర దొర్లుకుంటూ పోయి కింద ఎక్కడో పడిన చప్పుడు వినిపించింది. మా ఆయన వెంటనే నాయన రెక్క పట్టుకోకపోతే ఆ కర్ర వెంట నాయనా పోయేవాడు. మళ్ళీ నీడలోకి తెచ్చుకున్నాం. వీపున మోసుకుపోతానన్నాడు మా ఆయన. ఆ జారుడు మీద ఇద్దరూ కలిసి పోతారు, వద్దన్నాను. సాయంత్రం దాకా ఉందామా అంటే సీసాలో నీళ్ళు రెండు గుక్కలు లేవు. ఆ గుండు నీడ చూస్తుండగానే కుంచించుకుపోతోంది. నడినెత్తికి పొద్దొస్తే అది కూడా ఉండదు.

“నేను పోయి చెప్పులు తెస్తా” అన్నాడు మా ఆయన.

“తెచ్చినా నేనేసుకోను” అన్నాడు నాయన. అంత నెమ్మదిగా అన్నాడంటే ఇక మాట మార్చడని మాకు అర్థమైపోయింది. “మా నాయన ఏసుకోలా, మా తాత ఏసుకోలా. ఈ బండ మింద నా సెప్పు పడదు.”

మా ఆయన కారు తాళం తీసుకుని పరుగు పెట్టాడు. ఆ కాలే బండ మీద గెంతుతూ, జారుతూ, చేతులు ఆనించి మళ్ళీ లేస్తూ పోయాడు. కొంచెంసేపటి క్రితం నేను నోటికొచ్చినట్టు తిట్టిన మనిషి. ఆయన బండ అంచు దాటి కనిపించకుండా పోయేదాకా కన్నార్పలేదు నేను.

ఇక ఎదురుచూపు. నీడ జరిగినకొద్దీ మేమూ జరిగాం. మొదట అందరం కాళ్ళు చాపుకుని కూర్చున్నాం, తర్వాత ముడుచుకున్నాం. తర్వాత నాయన పాదాల మీద ఎండ పడకుండా మా అమ్మాయి తన చున్నీ పట్టుకుని నిలబడింది. మిగిలిన నీళ్ళు ఆయన చేతే తాగించాం. మా ఆయన ఎక్కడ పడ్డాడో, కాలు విరిగిందేమో, నేను మనసులో రకరకాలుగా చూస్తున్నాను. నాయన ఏవో కబుర్లు చెప్పబోయాడు. ఎవరూ ఊ కొట్టలేదు. అమ్మ ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, ఆ పాదాలనే చూస్తోంది. గోవిందా అనడం కూడా మానేసింది.

చివరికి మా ఆయన వచ్చాడు. కాళ్ళకు ఆ కొత్త బూట్లు, చేతిలో సంచి, సంచిలో మా చెప్పులు, నీళ్ళు. నాయన ఆ బూట్ల వైపు ఒకసారి చూసి కళ్ళు దించుకున్నాడు.

“మామా, మీ కాలు పట్టుకుంటా, వేసుకోండి.”

“నువ్వేసుకుంటివి, అది నీ ఇష్టం. నన్నడగొద్దు అబ్బోడా.”

నాకు ఓపిక చచ్చిపోయింది. “నీ దేవుడు నీ కాలు అడిగాడా? అడిగితే చెప్పు, ఇక్కడే వదిలేసి పోదాం” అని అరిచేశాను. ఆయన లేచి, ఒట్టి కాళ్ళతోనే దిగడానికి సిద్ధపడ్డాడు. మా అమ్మాయి తాతా తాతా అంటూ ఆయన చేయి పట్టుకుని వేలాడింది.

అప్పుడు అమ్మ నోరు విప్పింది.

“గమ్మునుండండి అందరూ. ఆయప్పని పీక్కతినొద్దండి.” నాయన చేయి పట్టి కూర్చోబెట్టింది. “ఏమయ్యా, నీ ఇష్టమొచ్చినట్టే దిగుదువు. దేవునికి ఒక దండం పెట్టుకో ముందు. కండ్లు మూసుకో.”

నాయన గుడి వైపు తిరిగి, చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. అమ్మ ఆయన పాదాలకు రెండు చేతులూ తాకించి కళ్ళకద్దుకుంది. అది మా అమ్మ ప్రతి శుక్రవారం చేసేదే. ఆ తర్వాత సంచిలో చేయి పెట్టింది. నాయన చెప్పులు తీసింది. కుడి పాదం ఎత్తి మెల్లగా తొడిగింది. ఎడమ పాదానికి తొడిగింది. ఆయన ఎప్పుడూ పెట్టుకోని వెనక పట్టీలు కూడా పెట్టింది. ఆయన పెదవులు అట్లాగే కదులుతూనే ఉన్నాయి.

“అయిందా?” అంది అమ్మ.

“అయింది.”

“కండ్లు తెరవద్దు. లెయ్. నిలబడు.”

గుండు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

“ఇప్పుడు సెప్పు. నీ కాళ్ళకేముండాది?”

“ఏముండాది? ఒట్టి కాళ్ళే కదా.” తర్వాత, మేము నమ్మమేమో అన్నట్టు ఇంకో మాట చేర్చాడు. “బండ కాల్తాండాది.”

“కిందికి సూడు” అంది అమ్మ.

చూశాడు. చాలాసేపు చూశాడు. ఒక కాలు ఎత్తి చూసుకున్నాడు, దించాడు. రెండోది ఎత్తాడు. ఎప్పుడు వేశావని అడగలేదు, ఎందుకు వేశావని అరవలేదు. గుండుకు జారగిలబడి కూర్చున్నాడు. మా నాయన ఏడవడం నేను పెదనాయన పోయినప్పుడు కూడా చూడలేదు. ఆ నీడలో చూశాను. నాకు ఆయన మీద ఉన్న కోపమంతా ఎక్కడికి పోయిందో తెలియదు, ఆయన తల నా పొట్టకు ఆనించుకుని నేనూ ఏడ్చాను.

“పోయిన పెరటాసిలోనే అయింది పాపా” అన్నాడు కాసేపటికి. “నామాల గుండు దాటినాక బండ సల్లగా తగల్తాది కదా. తగల్లేదు. వాన పడి తడిసే ఉండాది, నా కాలికి మాత్రం ఏమీ లేదు. పైకి పోయేదాకా సూసినా. ఏం తప్పు సేసినానో, దేవుడు నన్ను ఇడిసిపెట్టినాడు అనుకున్నా. అది ఎవురికని సెప్పుకునేది?”

“దేవుడు కాదయ్యా, సక్కెర” అంది అమ్మ, ముక్కు చీదుకుంటూ.

మా ఆయన ముందు నవ్వాడు. తర్వాత నాయనా నవ్వాడు, ఏడుస్తూనే.

దిగాం. నాయన ఒక పక్క అల్లుడి భుజం మీద, ఇంకో పక్క నా భుజం మీద చేయి వేసి దిగాడు. అడుగు ఎక్కడ పడుతున్నదో కళ్ళతో చూసుకుంటూ దిగాడు. అమ్మ చెప్పులు వేసుకోలేదు. సంచిలో నీవీ ఉన్నాయి కదా, నీకేం రోగం అని అరిచాను. “మా ఇంటి లెక్కన ఒకరన్నా ఒట్టి కాళ్ళతో దిగాల కదమ్మే, నేను దిగతా” అంది. ఆమె కాళ్ళు అన్నీ తెలిసే కాళ్ళు. ప్రతి అడుగుకూ అమ్మా, అయ్యా అంటూనే దిగింది. నామాల గుండు దగ్గరికొచ్చాక ఆ నీడలో చతికిలబడి తన పాదాలు చూసుకోనైనా చూసుకోకుండా, ముందు ఆయన చెప్పులు విప్పింది.

ఆ తర్వాతంతా ఆస్పత్రులు. తిరుపతిలో చూపించాం. లేచిన పుండ్లు లేచినట్టే ఉండేవి. ఒకటి మానితే ఒకటి రసి కారేది. కట్టు విప్పిన ప్రతిసారీ నేను నాయన పాదం వైపు కాకుండా డాక్టరు ముఖం వైపు చూసేదాన్ని, ఏ మాట వస్తుందోనని. రాయవేలూరు అన్న మాట మా ఇంట్లో ఎవరూ నోటితో అనలేదు. అందరి గొంతులోనూ అదే ఉండేది. చివరికి చిటికెన వేలు పోయింది. కాలు మిగిలింది. వానలు మొదలయ్యేసరికి నాయన బావి దాకా నడిచాడు, పట్టీలు బిగించిన మెత్తటి చెప్పులతో. పెరటాసికి కొండ మాట ఎత్తలేదు. నామాల గుండు దాకా పోయి, అక్కడే కర్పూరం వెలిగించి, తిరిగి వచ్చాడట.

మొన్న ఊరికి పోయినప్పుడు చూశాను. పొద్దుగూకే వేళ నాయన వసారాలో కూర్చుని రెండు కాళ్ళూ చాపాడు. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చి, పీట వేసుకుని, ఆ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుంది. ఇప్పుడు రోజూ ఇదే పనట. నేను చూస్తున్నానని ఇద్దరికీ ధ్యాస లేదు.

“ఏమే, ఈ పొద్దు నాకు నొప్పుండాదా?” అని అడిగాడు నాయన.

అమ్మ మడమలు తిప్పి చూసింది. వేళ్ళ సందులు విడదీసి చూసింది. అరికాలు అంతా చేత్తో తడిమింది.

“లేదు” అంది. “ఈ పొద్దు నీకేం నొప్పి లేదు.”

సరే అని ఆయన కాళ్ళు కిందికి దించుకున్నాడు.